బెన్‌హర్ రథాల పందెంలో మ్యూజిక్ లేదు, అందుకే అది ఇంకా నిలబడింది

చిన్నప్పుడు సినిమా పిచ్చి పట్టించిన పాత హాలీవుడ్ సినిమాలు ఇప్పుడు మళ్లీ చూస్తే అంతే బాగుంటాయా అని అడిగారు. అన్నీ బాగుండవు. 'మెకన్నాస్ గోల్డ్' (1969) నాకు ఇప్పుడు ఎక్కలేదు. అమెరికాలో సరిగా ఆడని ఆ సినిమాని మనవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. అలాంటి కౌబాయ్ సినిమాల ఊపులోనే కృష్ణ 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' తీశారు. 'మెకన్నాస్ గోల్డ్' టైటిల్స్‌లో రాబందు ఎగురుతూ పాట వస్తుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది కానీ, చివర్లో కొండలు కూలే సీన్లో బొమ్మ కొండలని తెలిసిపోతోంది.

రోమన్ల కాలం నాటి కథతో వచ్చిన 'బెన్‌హర్' (1959), అందులోని రథాల పందెం మాత్రం వేరే లెక్క.

ఆదివారం మార్నింగ్ షోలకి ఇంగ్లీషు సినిమాలు వేసే రోజుల్లో మా బాబాయి నన్ను దానికి తీసుకెళ్లాడు. డైలాగులు ఒక్కటీ అర్థం కాలేదు. తెల్ల గుర్రాలు మనవాడివి, నల్ల గుర్రాలు విలన్‌వి, వాడి చక్రానికి కత్తులున్నాయి. అంత తెలిస్తే చాలు. మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి టీవీలో మళ్లీ పెట్టాను. పందెం అయిపోగానే, "ఒరేయ్, ఇందులో మ్యూజిక్ తీసేశార్రా. అప్పుడు డప్పులు మోగిపోయాయి" అన్నాడు. "లేదు బాబాయ్, అసలు లేదు" అంటే ఒప్పుకోడు. వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. రథాలు వరసగా నడిచొచ్చేటప్పుడు పెద్ద బాజా ఉంది. పందెం మొదలయ్యాక అది లేదు. గిట్టల చప్పుడు, చక్రాల రొద, కొరడా దెబ్బ, జనం అరుపులు, అంతే. సుమారు 9 నిమిషాలు ఇదే. ఆయన మాత్రం, "మన హాల్లో వేసిన ప్రింటులో ఉంది" అనే అన్నాడు.

నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మ్యూజిక్ లేకుండానే అన్నేళ్లపాటు ఆయన చెవిలో డప్పులు మోగాయంటే ఆ సీన్ తీసినవాళ్ల గొప్పతనం అది. సంగీత దర్శకుడు మిక్లోష్ రోజా చేతకాక వదిలేశాడనుకోకండి, ఆ సినిమా తెచ్చుకున్న 11 ఆస్కార్లలో ఒకటి ఆయన మ్యూజిక్‌కే. ఇప్పుడైతే హీరో కారు దిగితే చాలు, స్పీకర్లు పగిలిపోవాలి. పక్కన ఎవరో ఏదో చెబుతుంటారు, ఒక్క ముక్క వినపడదు. ప్రేక్షకుడికి ఎప్పుడు టెన్షన్ పడాలో కూడా మ్యూజిక్కే చెప్పాలా?

ఆ పందేన్ని రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో నిజమైన సెట్ వేసి, నిజమైన గుర్రాలతో తీశారు. హీరో వేషం వేసిన చార్ల్‌టన్ హెస్టన్ రథం తోలడం నేర్చుకున్నాడు. విరిగిపడిన రథం మీదుగా హీరో రథం ఎగిరినప్పుడు మనిషి ముందుకి తూలి పడతాడు చూడండి, అతను డూప్‌గా చేసిన జో కనట్. అలా పడటం ప్లాన్‌లో లేదు. దాన్ని సినిమాలో ఉంచేసి, హెస్టన్ మళ్లీ పైకెక్కే షాట్ విడిగా తీసి కలిపారు. ఆ పందెంలో ఒకతను చనిపోయాడని ఇప్పటికీ ప్రచారం చేస్తుంటారు. 1959 సినిమాలో అలాంటిదేమీ జరగలేదు.

ఇంకో బాధ చెప్పాలి. హాల్లో చూసిన నాకూ, తర్వాత పాత టీవీల్లో చూసినవాళ్లకీ మధ్యలో టీవీవాళ్లు చేసిన అన్యాయం ఒకటుంది. ఈ సినిమా బొమ్మ ఎత్తుకి 2.76 రెట్లు వెడల్పు. పాత టీవీల చదరపు తెర నిండేలా రెండు పక్కలా కోసేస్తే సగానికి పైగా బొమ్మ పోయింది. పక్కపక్కన పరిగెత్తే రెండు రథాల్లో ఒకటే కనిపిస్తే అది పందెం ఎలా అవుతుంది? ఆ ముక్క చూసి "ఇందులో ఏముంది" అన్నవాళ్లని నేను తప్పుపట్టను.

అన్నట్టు, పెద్ద సెట్లు ఉంటేనే పాతవి నిలబడతాయనుకోకండి. సిడ్నీ లూమెట్ తీసిన '12 యాంగ్రీ మెన్' (1957) దాదాపు అంతా ఒకే గదిలో నడుస్తుంది. మొదట్లో కెమెరా మనుషుల కంటికి పైన ఉంటుంది, పోనుపోను కిందకి దిగుతుంది, లెన్సులూ మారతాయి. గోడలు దగ్గరికొచ్చినట్టు ఉక్కిరిబిక్కిరవుతాం. చిన్నప్పుడు ఆ ఉక్క మాత్రమే తెలిసింది, ఎలా పుట్టించారో ఇప్పుడు కనిపించింది.

మీరు బెన్‌హర్ చూసేటట్టయితే పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి, విసుక్కుని జూమ్ చేయకండి. కొత్త టీవీల్లో బొమ్మని సీరియల్‌లా నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ ఉంటుంది, అది ఆపేయండి. సినిమాకి ముందు చిత్రకారుడు మైకెలాంజెలో వేసిన బొమ్మ మీద చాలాసేపు సంగీతం వస్తుంది, దాన్ని దాటేయకుండా వినండి. మూడున్నర గంటల సినిమా కాబట్టి ఇంటర్వెల్ కూడా అందులోనే ఉంది, భోజనం అప్పుడు చేయొచ్చు.