ప్లాటు రేటు రెట్టింపైతే డాలర్లు రెట్టింపవుతాయా?

ప్రశ్న: హెచ్1బీ మీద డాలస్ వచ్చి రెండేళ్లయింది. నలభై వేల డాలర్లు కూడబెట్టాను. కొంత లోన్ తీసుకుని హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొందామనుకుంటున్నాను. నష్టపోతానంటారా?

జవాబు: రేటు పడిపోతేనే నష్టమని చాలామంది అనుకుంటారు. భూమి విషయంలో ఎక్కువగా జరిగేది అది కాదు. చెప్పే రేటు అలాగే ఉంటుంది, ఆ రేటుకి కొనేవాడు మాత్రం దొరకడు. అమరావతి చుట్టుపక్కల చూశాం కదా. రాజధాని ప్రకటనతో ఎగబాకిన ప్లాట్లకు 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే అడిగేవాళ్లు కరువయ్యారు. 2024లో ప్రభుత్వం మారాకే మళ్లీ కదలిక వచ్చింది. ఓపిక పట్టగలిగినవాళ్లు బయటపడ్డారు. మధ్యలో పిల్ల పెళ్లికో, ఆస్పత్రికో డబ్బు కావాల్సి వచ్చినవాళ్లు అడిగిన ధరకి ఇచ్చేశారు.

మీ సంగతి ఇంకా ఇరుకు. ఉద్యోగం పోతే హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా షాద్‌నగర్ ప్లాటు అమ్మి డబ్బు ఇక్కడికి తెప్పించుకోవడం జరిగే పని కాదు. పైగా ఇక్కడ పర్సనల్ లోన్ తీసుకుని కొన్నారనుకోండి, జీతం ఆగినా కిస్తీ ఆగదు. అందుకే నేను లోన్ మాట వినగానే వద్దంటాను.

ఇక లాభం లెక్క. 2014లో డాలరు సుమారు 60 రూపాయలున్నప్పుడు లక్ష డాలర్లు పంపి 60 లక్షలకు ప్లాటు కొన్నారనుకుందాం. 2025లో కోటీ ఇరవై లక్షలకు అమ్మారు. రెట్టింపు! లాభం మీద 12.5 శాతం పన్ను అంటే ఏడున్నర లక్షలు పోతే మిగిలింది కోటీ పన్నెండున్నర లక్షలు. డాలరు 86 చొప్పున అది దాదాపు లక్షా ముప్ఫై వేల డాలర్లు. పదకొండేళ్లకు ముప్ఫై వేలు. బంధువుల పెళ్లిళ్లలో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

అమ్మేటప్పుడు ఇంకో చిక్కు. ఎన్నారై దగ్గర కొనేవాళ్లు ఇచ్చే డబ్బులోంచి టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, కోయాలి. ముందుగా ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల దగ్గర తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, మామూలుగా మొత్తం అమ్మకం ధర మీదే కోసేస్తారు. పై లెక్కలో అది 15 లక్షలు, సర్‌చార్జి, సెస్ వేరే. ఎక్కువ పోయినది రిటర్న్ వేశాక రీఫండ్‌గా రావాలి. ఈ తలనొప్పి ఎందుకని మీ బేరం వదులుకునే కొనుగోలుదారులూ ఉంటారు.

ఇక్కడి హోటళ్లలో వీకెండ్ ప్రాపర్టీ షోలు పెడతారు, బిర్యానీ బాగుంటుంది. అక్కడ ‘ప్రీ లాంచ్, మొత్తం కడితే సగం రేటు’ అన్నారంటే లేచి రండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) పరిధిలోకి వచ్చే ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ లేకుండా బుకింగ్ తీసుకోవడమే చట్టవిరుద్ధం. రిజిస్ట్రేషన్ ఉన్నా, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు అసలే వద్దు. ఫెమా (విదేశీ మారక చట్టం) ప్రకారం ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు. అమ్మానాన్నల పేరు మీద కొందామని ఏజెంట్ సలహా ఇస్తాడు. అప్పుడు కాగితం మీద అది మీది కాదు, రేపు మీ తోబుట్టువులకూ అందులో వాటా రావచ్చు.

ఆ నలభై వేలల్లో ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి, మిగిలినదాంట్లోనే చూడండి. పదేళ్లు ముట్టుకోనవసరం లేని డబ్బయితే, ప్రభుత్వ ప్లానింగ్ సంస్థలు డీటీసీపీ లేదా హెచ్ఎండీఏ అనుమతించిన లేఅవుట్‌లో, రెరా నంబరున్న ప్లాటు చూసుకోండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), పాత యజమానుల లింక్ డాక్యుమెంట్లు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా, చెరువు నిండితే నీళ్లు చేరే ఎఫ్‌టీఎల్ హద్దులు మీ సొంత లాయరుతో చూపించండి, వెంచర్ వాళ్లు కుదిర్చిన లాయరుతో కాదు. రిజిస్ట్రేషన్‌కు వెళ్లలేకపోతే నాన్నగారికి ఆ ఒక్క ఆస్తి కొనడానికే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. అమ్మే అధికారం అందులో రాయనక్కర్లేదు.