ఉబుంటు డెబ్ ప్యాకేజీని డెబియన్‌లో ఇన్‌స్టాల్ చేయవచ్చా?

ఉబుంటు లినక్స్ 22.04 కోసం తయారైన డెబ్ ప్యాకేజీ ఫైలును డెబియన్ లినక్స్ 11లో ఇన్‌స్టాల్ చేయవచ్చా, రెండింటిలోనూ డెబ్ ఫైళ్లను ఇన్‌స్టాల్ చేసేది డీపీకేజీయే కదా అని మీరు అడిగారు. సరిగ్గా ఈ రెండింటి మధ్యనే ఒకసారి చేయి కాల్చుకున్నవాడిని కాబట్టి, నేరుగా చేయవద్దనే చెబుతాను.

మొదట ఎదురైనది చిన్న అడ్డంకే. ఉబుంటు 21.10 నుంచి ప్యాకేజీలను జెడ్‌స్టాండర్డ్ పద్ధతిలో కుదిస్తున్నారు. డెబియన్ 11లోని డీపీకేజీకి ఆ పద్ధతి తెలియదు కనుక ఫైలును తెరవలేకపోయింది. డెబ్ అంటే ప్రధానంగా రెండు టార్ ఫైళ్లను (ఫైళ్ల కట్టలను) మోసే ఏఆర్ ఆర్కైవే కాబట్టి, దానిని విప్పి, డీపీకేజీకి తెలిసిన ఎక్స్‌జెడ్ పద్ధతిలో కుదించి, మళ్లీ డెబ్‌గా కట్టాను. అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఆ ప్రోగ్రాముకు కనీసం గ్లిబ్‌సీ (చాలా ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) 2.34 కావాలి, నా సిస్టమ్‌లో ఉన్నది 2.31. పాత గ్లిబ్‌సీ మీద కంపైల్ చేసినది కొత్తదాని మీద సాధారణంగా నడుస్తుంది కానీ, కొత్తదాని మీద చేసినది పాతదాని మీద నడుస్తుందన్న భరోసా లేదు. డిపెండెన్సీ తనిఖీని (ప్రోగ్రాముకు కావలసినవి ఉన్నాయో లేదో చూసే దశను) బలవంతంగా దాటించి చూశాను. ప్రోగ్రాము తెరవగానే 2.34 దొరకలేదంటూ ఆగిపోయింది.

అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోకుండా, ప్యాకేజీలను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే సోర్సెస్ జాబితాలో ఉబుంటు రిపాజిటరీని (ప్యాకేజీల భాండారాన్ని) చేర్చి, అక్కడి నుంచి ఇన్‌స్టాల్ చేయబోయాను. తొలగించబోయే ప్యాకేజీల పేర్లు తెర నిండా చూపించి, ప్యాకేజీలను తెచ్చి ఇన్‌స్టాల్ చేసే ఏపీటీ అనుమతి అడిగితే, చదవకుండానే ‘వై’ నొక్కాను. రీబూట్ చేసేసరికి డెస్క్‌టాప్ లేదు. గ్లిబ్‌సీని పాత వెర్షన్‌కు దించే భద్రమైన మార్గం ఏపీటీలో లేదు కనుక, సిస్టమ్ మొత్తాన్ని తిరిగి ఇన్‌స్టాల్ చేసుకున్నాను. (ఇలాంటి కలగాపులగాన్ని డెబియన్ వాడేవారు ఫ్రాంకెన్‌డెబియన్ అంటారని తరువాత తెలిసింది.)

ఆర్‌పీఎంను (ఫెడోరా వంటి ఇతర లినక్స్‌ల ప్యాకేజీ రకాన్ని) డెబ్‌గా మార్చే ఏలియన్ అనే సాధనం కూడా ఇక్కడ ఆదుకోదు, ఎందుకంటే అది పెట్టెను మారుస్తుందే తప్ప లోపలి బైనరీని, అంటే కంపైల్ అయిన ప్రోగ్రామును, తాకదు.

మీ ప్రోగ్రాము ఫ్లాట్‌ప్యాక్‌గా (ఏ లినక్స్‌లోనైనా నడిచేలా కావలసిన లైబ్రరీలతో వచ్చే ప్యాకేజీగా) దొరికితే అదే తీసుకోండి. దొరకనివాటికి నేను ఇప్పుడు డిస్ట్రోబాక్స్ వాడుతున్నాను: కంటైనర్లను నడిపే పోడ్‌మాన్ సాయంతో ఉబుంటు 22.04 కంటైనర్‌ను (డెబియన్ లోపలే విడిగా నడిచే ఉబుంటు వాతావరణాన్ని) సృష్టించి, ప్యాకేజీని దాని లోపలే ఏపీటీతో ఇన్‌స్టాల్ చేసి, డిస్ట్రోబాక్స్-ఎక్స్‌పోర్ట్ ఆదేశం ఇస్తే, ఆ ప్రోగ్రాము నా మామూలు మెనూలోనే కనిపిస్తుంది. హోమ్ ఫోల్డరు రెండింటికీ ఒకటే కాబట్టి ఫైళ్లను అటూ ఇటూ మోయనక్కరలేదు. అదే కారణంగా, నమ్మకం లేని ప్రోగ్రామును ఇందులో పెట్టి ధీమాగా ఉండకూడదు. కెర్నెల్ (సిస్టమ్‌లోని అంతర్భాగం) కూడా ఉమ్మడిదే కనుక, మీరు ఇన్‌స్టాల్ చేయాలనుకుంటున్నది కెర్నెల్ డ్రైవర్ అయితే ఈ దారి పనిచేయదు.