చర్చిలో మాల, మాదిగ తేడాలు పోవాలంటే ఆరాధనలో ఏం మార్చాలి?

"మా పాస్టర్ గారు క్రీస్తులో అందరం ఒక్కటే అని చెప్తూనే ఉంటారు, మేం మాత్రం రెండు గుంపులుగానే కూర్చుంటాం, ఆరాధన వల్ల ఏమైనా మారుతుందా" అని అడిగారు కదా. మారుతుంది, కానీ ప్రసంగాల వల్ల కాదు. క్రీస్తులో అందరూ ఒక్కటే అనే గలతీ 3:28 మీద మా ఊళ్లో విన్నన్ని ప్రసంగాలు ఇంకెక్కడా విని ఉండరు, ఆమెన్ అనేసి ఎవరి పల్లెకు వాళ్లం వెళ్లిపోయేవాళ్లం.

మా దగ్గర అసలు గొడవ ప్రేమవిందు దగ్గర, అంటే చర్చిలో అందరూ కలిసి తినే భోజనం దగ్గర బయటపడేది. వంట ఎప్పుడూ మాలపల్లె ఆడవాళ్లదే, మాదిగపల్లె వాళ్లు కూరగాయలు తరిగినా పొయ్యి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. కొత్తగా వచ్చిన అయ్యగారు దీనిమీద ఒక్క మాట మాట్లాడకుండా, వంటకీ వడ్డనకీ రెండు పల్లెల నుంచీ పేర్లు కలిపి రాసి గోడకు అంటించారు. ఆ ఆదివారం చాలామందికి ఉన్నట్టుండి ఉపవాసం గుర్తొచ్చింది! కానుకలు పడిపోయాయి, కమిటీ వాళ్లకు ఒకటే టెన్షన్, ఆయన మాత్రం మొదటి బంతిలో కూర్చుని తిన్నారు, పేర్లు మార్చలేదు. కొన్ని నెలలకు దాదాపు అందరూ తిన్నారు. ఒకటి రెండు కుటుంబాలు వేరే చర్చికి వెళ్లిపోయాయి, అదీ చెప్పాలి.

డప్పు కూడా అంతే. కీబోర్డు, ప్యాడ్లు ఎక్కడివని ఎవరూ అడగరు గానీ డప్పు అనేసరికి "చావు మేళం గుళ్లోకా" అన్నారు. 150వ కీర్తనలో తంబుర, తాళాలు ఉండగా దీనికేం వచ్చిందో నాకైతే అర్థం కాదు. ఇప్పుడు క్రిస్మస్ పాటలు డప్పుతోనే.

మీది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే ఇంకో దారి ఉంది. 1950 నాటి సీఎస్‌ఐ ఆరాధన క్రమంలోనే ప్రభు భోజనానికి ముందు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని సమాధానం, అంటే శాంతి కలగాలని చెప్పుకోవడం ఉంది. కరోనా పేరు చెప్పి దూరం నుంచి నమస్కారంతో సరిపెట్టేస్తుంటే దాన్ని మళ్లీ తెచ్చుకోండి, పక్కనున్న చుట్టాలతో కాకుండా అవతలి వరసలోకి వెళ్లి.

ఎవరి ప్రభు భోజనం బల్ల వాళ్లకు పెట్టుకుంటే గొడవే ఉండదు కదా అని ఎవరైనా అంటే దక్షిణాఫ్రికా సంగతి చెప్పండి. అక్కడి డచ్ రిఫార్మ్డ్ చర్చి 1857లో, తెల్లవాళ్లలో కొందరి బలహీనత దృష్ట్యా తెల్లవాళ్లు కాని విశ్వాసులకు ఆరాధన వేరుగా పెట్టుకోవచ్చు అంది. అప్పటికి అది సర్దుబాటే. 1881కల్లా వాళ్లకు వేరే చర్చే ఏర్పడింది, తర్వాత ఆ డచ్ చర్చి వర్ణవివక్షను బైబిల్ వాక్యంతోనే సమర్థించేదాకా పోయింది. అలా వేరుగా పెట్టబడిన చర్చివాళ్లే 1982లో బెల్‌హార్ విశ్వాస ప్రకటన రాసుకుని, 1986లో ఆమోదించి, ఇలా విడదీయడం సువార్తకే విరుద్ధం అన్నారు.

సమాధుల తోట మాత్రం ఆరాధనతో తేలే పని కాదు, దానికి కమిటీ తీర్మానం కావాలి. మా ఊళ్లో మధ్యలో కట్టిన గోడ ఇంకా అలాగే ఉంది.