డెన్మార్క్ బల్లకి సన్‌మైకా ఎందుకమ్మా?

ప్రశ్న: కాకినాడలో ఒక షిప్పింగ్ ఆఫీసు మూసేసినప్పుడు మా మామగారు వేలంలో పాడుకున్న రాతబల్ల మా ఇంట్లో ఉంది. సన్నటి కాళ్లు, రెండు పక్కలా సొరుగులు, వెనకవైపు పుస్తకాల అర. అడుగున డెన్మార్క్ అని గుండ్రటి ముద్ర. 96 తుపానుకి పెంకులెగిరి తడిసింది. ఒక మూల పైపొర లేచింది. గ్లాసులు పెట్టిన చోట తెల్లటి మరకలున్నాయి. మేస్త్రి చూసి, ‘పైన పల్చటి పొరే అమ్మా, అసలు టేకు కాదు, సన్‌మైకా వేసేద్దాం’ అంటున్నాడు. ఇంకొకాయన ఎనిమిది వేలకి అడుగుతున్నాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక గృహిణి, అమలాపురం

జవాబు: అమ్మా, ముందు ఆ మేస్త్రికి ఫోన్ చేసి ఆగమనండి. ఆయన చూసింది నిజమే, తేల్చిందే తప్పు. మన గోదావరి జిల్లాల్లో టేకంటే నిండు చెక్కే. పొర కనబడితే మోసం అనేస్తాం. రాజమండ్రిలో వర్క్‌షాపు నడిపినన్నాళ్లూ నేనూ నిండు టేకు బల్లలే చేశాను. ముగ్గురు పడితే గానీ లేచేవి కావు.

డెన్మార్క్‌లో టేకు పెరగదు. 1950, 60లలో అక్కడివాళ్లు బర్మా, థాయ్‌లాండ్‌ల కలపని ఓడల మీద తెప్పించుకున్నారు. అంత ఖరీదైన దుంగని పల్చగా కోసి పైపలకకి అతికించి, కాళ్లకీ అంచులకీ మాత్రం నిండు టేకు వాడారు. పొదుపొక్కటే కాదు. వెడల్పాటి నిండు చెక్క వానాకాలం ఉబ్బి, ఎండాకాలం ముడుచుకుని, ఒక్కోసారి వంకర తిరుగుతుంది. పొర అతికించిన పలక అంతగా కదలదు. డెన్మార్క్ డిజైనర్ ఆర్నే వోడర్ గీసి ఇస్తే సిబాస్ట్ కంపెనీ తయారుచేసిన బల్లల కోసం ఇవాళ వేలంలో పోటీ పడుతున్నారే, వాటి మీదా ఉన్నది ఈ పల్చటి పొరే, దాన్నే వెనీర్ అంటారు.

పైపలక అంచు మీద టార్చి వేసి చూడండి. పైనున్న చారలు అంచులోకి దిగవు. అక్కడ వేరే టేకు బద్ద సన్నగా అతికి ఉంటుంది. ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగండి. ముందుపలకా పక్కపలకా వేళ్లు పెనవేసినట్టు కలిసి ఉంటే అది చెయ్యి తిరిగిన పని. వెనక అర కూడా మంచి ఆనవాలే. గోడకి ఆనించే బల్లకి వెనకాల అంత పని ఎవరు పెడతారు? గది మధ్యలో వేసుకోడానికి చేసిందది. ముద్ర ‘డానిష్ ఫర్నిచర్ మేకర్స్ కంట్రోల్’ది అయితే అది నాణ్యత గుర్తు, తయారీదారు పేరు కాదు. ఆ పేరు కోసం సొరుగుల అడుగున వెతకండి.

ఇక మరమ్మతు. చిత్రిక, పాలిష్ మిషను దగ్గరికి రానివ్వకండి. పొర మిల్లీమీటరు కూడా ఉండదు, రెండు రుద్దులకి లోపలి పలక బయటపడుతుంది. సంక్రాంతి దాటి గాలిలో చెమ్మ తగ్గాక, లేచిన మూల కింద సిరంజితో ఫెవికాల్ ఎక్కించి, పైన పాలిథీన్ కాగితం, చెక్కముక్క, దాని మీద బరువు పెట్టి మర్నాటిదాకా వదిలెయ్యండి. లోపలి పలక ఉబ్బి పొట్టు రాలుతుంటే మాత్రం జిగురు పట్టదు, ఆ ముక్క మార్పించాల్సిందే.

తెల్ల మరకంటే చెమ్మ పైపూతలోనే ఆగిందని అర్థం. నల్లదైతే చెక్కలోకి దిగినట్టు. మెత్తటి గుడ్డకి కాస్త డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ నూనె (కాచిన అవిసె నూనె) అద్ది చారల వెంటే రుద్ది, మిగిలింది తుడిచెయ్యండి. కోనసీమలో ఉండి కొబ్బరినూనె మీదికి చెయ్యి పోతుంది గానీ, వద్దు; అది ఆరదు, జిడ్డయి దుమ్ము పడుతుంది. లిన్‌సీడ్ అద్దిన గుడ్డని ఉండచుట్టి పడెయ్యకండి, దానంతటదే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. బయట పరిచి ఆరెయ్యండి.

ఎనిమిది వేల సంగతి: ముద్ర, అంచు, సొరుగు పక్క, వెనక అర ఫొటోలు తీసి, పాత ఫర్నిచర్ గురించి తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపండి. వాళ్ల మాట వచ్చేదాకా ఆయనకి అవుననీ కాదనీ చెప్పకండి. ఆయన వంగి అడుగున ముద్ర చూసి వెళ్లాడా లేదా, అది మాత్రం గుర్తు చేసుకోండి.