లోడ్ టెస్ట్ ఆఫీసులోనా, క్లౌడ్‌లోనా?

ప్రశ్న: సార్ నమస్తే. విజయవాడలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, 12 మందిమి. కాలేజీలకి ఫీజులు, రిజల్ట్స్ పోర్టల్ చేసిస్తాం. మొన్న సెమిస్టర్ రిజల్ట్స్ పెట్టిన పది నిమిషాలకే సైట్ పడిపోయింది, కాలేజీ వాళ్లు ఒకటే ఫోన్లు. ఈసారి ముందే చూసుకుందామని ఆఫీసులో నా విండోస్ లాప్‌టాప్ మీద జేమీటర్‌లో (ఒకేసారి చాలామంది సైట్‌కి వచ్చినట్టు లోడ్ టెస్ట్ చేసే సాఫ్ట్‌వేర్) 3,000 మంది యూజర్లని పెట్టి కొడితే సగానికి సగం ఎర్రర్లు, రెస్పాన్స్ టైం 9 సెకన్లు. టెస్ట్ చేయడానికి రెండు సర్వర్లు కొని ఆఫీసులోనే పెట్టుకుందాం, ఒక్కసారి ఖర్చుతో పోతుంది అంటున్నారు మా బాస్. మా టెస్టర్ ఏమో క్లౌడే బెటర్ అంటాడు. సైట్ ముంబైలో క్లౌడ్ సర్వర్ మీద ఉంది, ఆఫీసులో నెట్ 200 ఎంబీపీఎస్. ఏం చేయమంటారు?
– పేరు వద్దు, విజయవాడ

జవాబు: ఆ 9 సెకన్లు కనిపించినప్పుడు అవతల ముంబై సర్వర్ సీపీయూ ఎంతుందో చూశారా? ఉత్తరంలో రాయలేదు కాబట్టి చూడలేదనే అనుకుంటున్నా. అది 15, 20 శాతం దగ్గరే తిరుగుతుంటే మాత్రం మీరు టెస్ట్ చేసింది మీ లాప్‌టాప్‌నే అని అనుమానపడాలి (సీపీయూ ఖాళీగానే ఉండి డేటాబేస్ కనెక్షన్ల దగ్గర క్యూ కట్టడమూ ఉంటుంది, అది కూడా చూడండి).

ఎర్రర్లు ఓపెన్ చేసి చదవండి. 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని ఉంటే విండోస్‌లో పోర్టులు (ఒక్కో కనెక్షన్‌కి కేటాయించే నంబర్లు) అయిపోయినట్టు. బయటికి వెళ్లే కనెక్షన్లకి మామూలుగా 16,384 పోర్టులే ఇస్తుంది, మూసేసిన కనెక్షన్ పోర్టు కూడా కాసేపటిదాకా తిరిగి రాదు, అందుకని కీప్ అలైవ్ (తెరిచిన కనెక్షన్‌నే మళ్లీ మళ్లీ వాడుకోవడం) పెట్టకుండా కొడితే చూస్తుండగానే ఖాళీ. 429 (రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయనే ఎర్రర్ కోడ్) అని ఉంటే అది వేరే కథ, 3,000 మంది ఒకే ఐపీ నుంచి వస్తున్నారని అవతల రేట్ లిమిట్ ఆపేసింది.

ఇక మీ నెట్ లైను. 200 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 25 ఎంబీ, మార్కుల మెమో ఒక్కోటి 300 కేబీ అనుకున్నా సెకనుకి 80 చిల్లర కంటే ఎక్కువ దిగవు, మీ బాస్ రెండు కాదు ఇరవై సర్వర్లు కొన్నా అదే లైనులోంచి పోవాలి కదా. సంవత్సరానికి నాలుగైదు సార్లు వచ్చే రిజల్ట్స్ రోజు కోసం సర్వర్లు కొనడం నాకైతే దండగ అనిపిస్తోంది.

నేనైతే రెండూ వాడతా. కోడ్ మారినప్పుడల్లా 50 మందితో చేసే చిన్న టెస్ట్ ఆఫీసులోనే, అదీ ఒక పాత డెస్క్‌టాప్ మీద లైనక్స్ వేసుకుని, ఎందుకంటే స్లో క్వెరీలు (డేటాబేస్‌ని అడిగితే ఆలస్యంగా జవాబొచ్చేవి) చాలావరకు అక్కడే బయటపడతాయి. పెద్ద దెబ్బ మాత్రం క్లౌడ్ నుంచి, నాలుగు మెషిన్లు మూడు గంటలకి అద్దెకి తీసుకుని.

క్లౌడ్‌లో కూడా తిప్పలున్నాయి. సైట్ ఉన్న నెట్‌వర్క్ లోపలి నుంచే కొడితే నంబర్లు అద్భుతంగా వస్తాయి, నమ్మకండి, అది పక్కింట్లోంచి అరిచి ఊరంతా వినపడింది అనుకోవడం లాంటిది. పబ్లిక్ అడ్రస్‌కే కొట్టండి, వీలైతే వేరే రీజియన్ (క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్లున్న ప్రాంతం) నుంచి. అమెజాన్‌కి 2022 నుంచి హైదరాబాద్‌లో కూడా రీజియన్ ఉంది, ఇలాంటి వాటికి పనికొస్తుంది. చవగ్గా ఉన్నాయని అమెజాన్ టీ సిరీస్ మెషిన్లు తీసుకుంటే మొదట బాగానే ఉరుకుతాయి, సీపీయూ క్రెడిట్లు (ఫుల్ స్పీడ్‌లో నడవడానికి ఇచ్చే కోటా) అయిపోయాక నీరసపడతాయి లేదా అదనపు బిల్లు వేస్తాయి, అప్పుడు మళ్లీ మీరు సైట్‌నే తిడతారు. సైట్ నుంచి బయటికి వెళ్లే డేటాకి చార్జీ ఉంటుంది గానీ 10,000 మెమోలు దించినా 3 జీబీయే, భయపడక్కర్లేదు. భయపడాల్సింది శుక్రవారం సాయంత్రం మెషిన్లు డిలీట్ చేయకుండా ఇంటికెళ్లిపోయే మనిషికి. పెద్ద టెస్ట్ ముందు క్లౌడ్ వాళ్ల టెస్టింగ్ రూల్స్ కూడా ఒకసారి చదవండి.

పేమెంట్ గేట్‌వే, ఓటీపీ రెండూ డమ్మీవి పెట్టుకోండి. పాత ఆఫీసులో నేను ఓటీపీ ఆపడం మర్చిపోయి టెస్ట్ మొదలుపెట్టా, టీ తాగి వచ్చేసరికి ఎస్సెమ్మెస్ బ్యాలెన్స్ మొత్తం సున్నా, పైగా అవన్నీ నిజం కస్టమర్లకే పోయాయి. స్టూడెంట్ల అసలు ఫోన్ నంబర్లు, హాల్ టికెట్లు టెస్ట్‌లో వాడకండి, 2023లో వచ్చిన డేటా ప్రొటెక్షన్ చట్టం సంగతి సరే, కాలేజీ వాళ్లు అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

మీ బాస్ మాట కరెక్టయ్యే చోట్లూ ఉన్నాయి. హాస్పిటల్ లోపలే నడిచే సాఫ్ట్‌వేర్, బయటికి ఓపెన్ చేయని బ్యాంకు అప్లికేషన్ లాంటివైతే యూజర్లు ఆ బిల్డింగ్‌లోనే ఉంటారు కాబట్టి టెస్ట్ కూడా అక్కడి నుంచే చేయాలి. మీ స్టూడెంట్లు ఊళ్లలో ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు.

ప్రశ్న: జేమీటర్ విండో ఓపెన్ చేసి అందులోనే రన్ కొట్టేస్తున్నాం, తప్పా?
– ఒక ఫ్రెషర్, హైదరాబాద్

జవాబు: స్క్రిప్ట్ రాసుకునేదాకా ఓకే. లోడ్ పెట్టేటప్పుడు కమాండ్ లైన్ నుంచే నడపాలి, జేమీటర్ ఓపెన్ చేసినప్పుడు ఆ నల్ల విండోలో అదే మాట రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. ప్రతి రిక్వెస్ట్ వివరాలు చూపించే వ్యూ రిజల్ట్స్ ట్రీ కూడా ఆపేయండి, మెమరీ తినేది అదే.