టెక్ సందేహాలు: వెనక ఉన్న కారుకే వేగం ఎక్కువా?

ప్రశ్న: హనుమకొండలోని ఒక మాల్‌లో పక్కపక్కనే రెండు సీట్లున్న కార్ రేసింగ్ మెషిన్ ఉంది. సెలవు రోజుల్లో నేను, మా బావమరిది దానిపై పోటీ పడుతుంటాం. ఇద్దరం ఒకే రకం కారు ఎంచుకుంటాం. మొదటి రెండు ల్యాపులూ నేనే ముందుంటాను. చివరి ల్యాపులో మాత్రం అతను నన్ను అలవోకగా దాటిపోతాడు. అతని సీటులో ఏదైనా కిటుకు ఉందా?
– ఒక పాఠకుడు, నయీంనగర్, హనుమకొండ

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే కిటుకు సీటులో కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఇద్దరు ముఖాముఖి తలపడే రేసింగ్ మెషిన్లలో చాలావాటికి ‘క్యాచప్’ అనే ఏర్పాటు ఉంటుంది. రెండు కార్ల మధ్య దూరం పెరిగేకొద్దీ వెనకబడిన కారు వేగాన్ని గేమ్ తనంతట తానే కొంత పెంచుతుంది. దీన్నే రబ్బర్ బ్యాండింగ్ అని కూడా అంటారు. 1987లో నామ్కో సంస్థ తెచ్చిన ‘ఫైనల్ ల్యాప్’ మెషిన్లను ఒకదానితో ఒకటి కలిపి ఎనిమిది మంది దాకా ఒకే ట్రాక్‌పై ఆడగలిగేవారు. ఈ పద్ధతి అప్పటికే అందులో ఉంది. ఇందులో వ్యాపార కోణం లేకపోలేదు. మొదటి మలుపులోనే గోడకు గుద్దుకున్న మనిషికి మిగతా ఆటంతా ఖాళీ రోడ్డే కనిపిస్తే, అతను మరోసారి డబ్బు పెట్టి ఆడడు.

బావమరిదిని అనుమానించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక ఆటలో కావాలనే అతన్ని బాగా ముందుకు పోనిచ్చి, పొడవైన తిన్నని దారిలో యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి, స్పీడోమీటరులో కనిపించే గరిష్ఠ అంకెను గుర్తుంచుకోండి. తర్వాతి ఆటలో మీరు ముందుండి, అదే చోట మళ్లీ ఆ అంకె చూడండి. వెనక ఉన్నప్పుడు అంకె ఎక్కువగా ఉంటే క్యాచప్ పనిచేస్తున్నట్టే. అయితే ఎదుటి కారుకు సరిగ్గా వెనకాల, అతి దగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే అంకె పెరిగి, పక్క వరుసలోకి జరగగానే తగ్గిపోతే అది క్యాచప్ కాదు, స్లిప్‌స్ట్రీమ్. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోవడం వల్ల వెనక కారుకు గాలి నిరోధం తగ్గుతుందన్న భౌతిక సూత్రాన్నే ఆటలో కాస్త పెంచి చూపిస్తారు. కొన్ని గేముల్లో ఈ రెండూ ఉంటాయి.

క్యాచప్ ఉందని తేలితే మీ ఎత్తుగడ పూర్తిగా మారాలి. రెండు ల్యాపుల్లో చెమటోడ్చి సంపాదించిన ఆధిక్యాన్ని మెషిన్ అవతలి వ్యక్తికి వేగంగా మార్చి ఇస్తోంది కాబట్టి, పెద్ద ఆధిక్యం వల్ల మీకు దక్కేది చాలా తక్కువ. చివరి మలుపు తర్వాత ముగింపు గీత ఎంత దూరంలో ఉందో ముందుగా చూసుకోండి. ఆ దారి పొడవైనదైతే చివరి ల్యాపులో అతన్నే ముందు ఉండనిచ్చి, ఒకటి రెండు కార్ల దూరంలో వెంటాడుతూ, మలుపు నుంచి బయటికి రాగానే పక్కకు తప్పుకుని దాటండి. మరీ ముందుగా దాటితే మళ్లీ మీరే ఎరగా మారతారు. గీత మలుపును ఆనుకుని ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు. అక్కడ మలుపులోకి మొదట ప్రవేశించినవారిదే గెలుపు కనుక, దానికి ముందున్న మలుపు దగ్గరే దాటడం పూర్తి కావాలి.

ముందు ఉండక తప్పని పరిస్థితిలో మలుపుకు చాలా ముందే లోపలి వైపునకు నెమ్మదిగా జరగండి. చివరి క్షణంలో స్టీరింగ్‌ను విసురుగా తిప్పి అడ్డుపడితే సాధారణంగా మీ కారే ఎక్కువ వేగం కోల్పోతుంది. క్యాచప్‌ను ఆపే వీలు చాలా మెషిన్లలో నిర్వాహకుల సెట్టింగుల్లో ఉంటుంది. రద్దీ లేని వేళలో అక్కడి సిబ్బందిని అడిగి చూడండి.

ప్రశ్న: మాన్యువల్ గేర్లు వాడేవాళ్లే ఎప్పుడూ గెలుస్తారని మా హాస్టల్‌లో అంటున్నారు. నేను కూడా మారాలా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: గేమును బట్టి ఉంటుంది. 1990ల నాటి సెగా మెషిన్ ‘డేటోనా యూఎస్ఏ’లో నాలుగు గేర్లుంటాయి, అందులో మలుపు దగ్గర గేర్లు తగ్గించి కారును జారేలా చేయడమే అసలు విద్య కాబట్టి, ఆటోమేటిక్‌లో ఆడేవారు సమవుజ్జీ ఎదురైతే వెనకబడతారు. అయితే కారు జారుతున్నంతసేపూ వేగం పోతూనే ఉంటుంది. చూడముచ్చటగా ఉందని ప్రతి మలుపులోనూ జారించడం చాలామందికి ఉన్న చెడు అలవాటు. మరొక సంగతి: మలుపును వెలుపలి వైపు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచును తాకి, మళ్లీ వెలుపలికి రావాలన్నది ఒంటరిగా పరుగెత్తే కారుకు చెప్పిన పాఠం. ప్రత్యర్థి మీ వెనకే ఉన్నప్పుడు అలా వెలుపలికి వెళితే లోపలి దారిని అతనికి మీరే అప్పజెప్పినట్టవుతుంది.

ప్రశ్న: ఇంట్లో టీవీకి నింటెండో స్విచ్ అనే గేమింగ్ పరికరాన్ని కలిపి పిల్లలతో ‘మారియో కార్ట్ 8 డీలక్స్’ ఆడుతున్నాను. బటన్ నొక్కిన కాసేపటికి గానీ కారు తిరగడం లేదు.
– ఒక గృహిణి, మంచిర్యాల

జవాబు: ముందుగా టీవీ సెట్టింగుల్లో ‘గేమ్ మోడ్’ వెతికి ఆన్ చేయండి. బొమ్మను అందంగా మలిచేందుకు టీవీ చేసే అదనపు పనుల వల్ల దృశ్యం ఆలస్యంగా తెరపైకి వస్తుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో పదో వంతులో సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు పోతుందంటే, ఆ కొద్ది ఆలస్యం మలుపు దగ్గర ఎంత నష్టం చేస్తుందో మీకే తెలుస్తుంది. ముగ్గురు, నలుగురు కలిసి ఆడితే దృశ్యాలు సెకనుకు 60 నుంచి 30కి తగ్గుతాయి కనుక, పోటీ గట్టిగా ఉండాలంటే ఇద్దరిద్దరే ఆడండి. అన్నట్టు, ఆటలో ఆయుధంగా దొరికే అరటి తొక్క చేతికి వస్తే వెంటనే పారేయకుండా బటన్ నొక్కి పట్టి బండి వెనకే ఉంచుకోండి. ప్రత్యర్థి వెనక నుంచి మీపైకి విసిరే ఎర్ర తాబేటి చిప్పకు అదే అడ్డు.

ప్రశ్న: ఫోన్‌లో ఆన్‌లైన్ రేసు ఆడుతుంటే ఎదుటి కారు ఉన్నచోటు నుంచి ఎగిరి మరోచోట కనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: నెట్ జాప్యం వల్ల ఇలా జరుగుతుంది. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి, ఇంట్లో ఇతరుల డౌన్‌లోడ్లు పూర్తయ్యాక ఆడండి. అప్పటికీ తగ్గకపోతే ఎదుటి కారును పక్క నుంచి గుద్ది నెట్టే ప్రయత్నం మానేయండి. మీ తెరపై కనిపించేది అది కొద్ది క్షణాల క్రితం ఉన్న చోటు కాబట్టి, ఆ దెబ్బ ఖాళీ రోడ్డుకు తగిలి మీ కారే గోడను తాకుతుంది.