వెబ్3.జేఎస్ ఆపేశారు... నేర్చుకున్నది వృథాయేనా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇథీరియం బ్లాక్‌చైన్ మీద ఆసక్తితో, దానితో మాట్లాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వెబ్3.జేఎస్ నేర్చుకున్నాను. ఆ లైబ్రరీని ఆపేశారని ఇప్పుడు తెలిసింది. నా శ్రమ వృథా అయినట్టేనా? బ్లాక్‌చైన్ వైపే వెళ్లవచ్చా?

జవాబు: వెబ్3.జేఎస్ నిర్వహణ 2025 మార్చిలో ఆగిపోయిన మాట నిజమే. కొత్త ప్రాజెక్టులకు ఇదే పని చేసే ఈథర్స్ లైబ్రరీ గానీ, వియెమ్ లైబ్రరీ గానీ తీసుకోండి. మీ శ్రమ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ లైబ్రరీలన్నీ చేసే పని ఒకటే: మీరు అడిగినదాన్ని జేసన్-ఆర్‌పీసీ అనే సందేశ రూపంలో నోడ్‌కు (బ్లాక్‌చైన్‌ను నడిపే ప్రోగ్రామ్‌కు) పంపి, వచ్చిన జవాబును విప్పి ఇవ్వడం.

ఆ పనిని ఒకసారి లైబ్రరీ లేకుండా చేసి చూడండి. హార్డ్‌హ్యాట్ అనే ఇథీరియం డెవలపర్ల టూల్‌తో మీ ల్యాప్‌టాప్‌లోనే నోడ్ నడపవచ్చు. మామూలుగా అది 8545 పోర్టులో ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లోని ఫెచ్‌తో ఒక ఖాతా బ్యాలెన్స్ అడిగితే, 0ఎక్స్‌తో మొదలయ్యే హెక్సాడెసిమల్ సంఖ్య వస్తుంది. అది ఇథీరియం కరెన్సీ అయిన ఈథర్‌లో అతి చిన్న ప్రమాణం, అంటే వెయ్‌లలో ఉంటుంది. ఒక ఈథర్ అంటే 1 పక్కన 18 సున్నాలన్ని వెయ్‌లు. జావాస్క్రిప్ట్ మామూలు నంబర్ 9007199254740991 దాటితే కచ్చితత్వం కోల్పోవచ్చు. 0.01 ఈథర్‌ను వెయ్‌లలో రాసినా ఆ హద్దు దాటిపోతుంది! ఈథర్స్ 6వ వెర్షన్ పెద్ద పూర్ణాంకాలను కచ్చితంగా పట్టే బిగ్‌ఇంట్ ఎందుకు ఇస్తుందో అప్పుడు మీకే తెలుస్తుంది.

లావాదేవీ పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. హ్యాష్ (లావాదేవీ గుర్తింపు సంఖ్య) రాగానే ‘చెల్లింపు పూర్తయింది’ అని చూపించే విద్యార్థి ప్రాజెక్టులు తరచూ కనిపిస్తుంటాయి. హ్యాష్ వచ్చినంత మాత్రాన లావాదేవీ బ్లాక్‌లోకి చేరినట్టు కాదు. బ్లాక్‌లో చేరాక నోడ్ ఇచ్చే రిసీట్ వచ్చేదాకా ఆగి, అందులో స్టేటస్ 1 ఉందో 0 ఉందో చూడాలి. 0 అయితే లావాదేవీ విఫలమైనట్టే, గ్యాస్ (లావాదేవీ రుసుము) ఖర్చు మాత్రం తప్పదు. ఖాతాను పూర్తిగా నియంత్రించే రహస్య ప్రైవేట్ కీని గిట్‌హబ్‌లో పెట్టే పొరపాటు అస్సలు చేయకండి. సాధనకు సెపోలియా టెస్ట్‌నెట్ (అసలు డబ్బు లేకుండా పరీక్షించుకునే ఇథీరియం నెట్‌వర్క్) చాలు, సొంత డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇక కెరీర్ మాట. బ్లాక్‌చైన్ ఒక్కదాన్నే నమ్ముకుని క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు వెళ్లమని నేను చెప్పను. డేటా స్ట్రక్చర్లు, ఎస్‌క్యూఎల్, నోడ్.జేఎస్, అసింక్ కోడ్ మీద ముందు గట్టి పట్టు తెచ్చుకోండి. వాటితో వెబ్ డెవలపర్ ఉద్యోగాలకూ దారి ఉంటుంది. దానికి తోడు ఒక్క ప్రాజెక్టు చేయండి: సెపోలియాలో ఏదైనా ఈఆర్‌సీ-20 (ఇథీరియం టోకెన్ల ప్రమాణం) టోకెన్ బదిలీలను చదివి, డేటాబేస్‌లో దాచి, పేజీలో చూపించేది. నోడ్ మధ్యలో తెగిపోతే మీ ప్రోగ్రామ్ ఎక్కడినుంచి తిరిగి మొదలవుతుందో కూడా అందులో రాయండి. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే చెప్పుకోవడానికి మీ దగ్గర చాలా ఉంటుంది.